తడవని మఫ్లరు

మా పాత చర్చికి సున్నం కొట్టిస్తూ వెనక గదిలోని సామానంతా బయట పెట్టించారట. అందులో మా నాయన రేకు పెట్టె ఒకటి బయటపడిందని ఇప్పటి పాస్టరమ్మగారు ఫోను చేసి, మరునాడే ఆటోలో పంపించారు. నాయన ప్రభువు నందు నిద్రించి చాలా ఏళ్ళయింది. పెట్టెలో ఏముంటుంది? అట్టలు ఊడిన పాటల పుస్తకాలు, ఆయన చేతిరాతతో ఉన్న ప్రసంగాల నోటుబుక్కులు, విరిగిన కళ్ళజోడు. అట్టడుగున ఒక పంచె ముక్కలో కలరా ఉండలు వేసి చుట్టిన బూడిదరంగు ఉన్ని మఫ్లరు. దాన్ని చేతిలోకి తీసుకోగానే నాయన గుర్తొచ్చి కళ్ళనీళ్ళు తిరిగాయని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది గాని, అది అబద్ధమవుతుంది. నాకు గుర్తొచ్చింది మస్తానమ్మ. పందొమ్మిదేళ్ళ వయసులో నేను ఆ పిల్ల మీద పెట్టుకున్న కుళ్ళు, కలరా ఉండల మధ్య పురుగు పట్టకుండా, ఇన్నేళ్ళూ ఆ ఉన్నిపోగుల్లో అట్లాగే ఉంది.

ఈ సంగతి రాయడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. ఆదివారపు బడిలో ఏళ్ళ తరబడి పిల్లలకు నేను తాబేలు కథ చెబుతూ వచ్చాను. గాయపడిన తాబేలును సముద్రపుటొడ్డున చూశాను, జాలిపడ్డాను, మోసుకొచ్చాను, నెలల తరబడి సేవ చేశాను, చివరికి అది సముద్రంలోకి వెళ్ళిపోయింది, దేవునికి మహిమ. పిల్లలు కళ్ళార్పకుండా వినేవాళ్ళు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. కానీ మస్తానమ్మ లేదు. మఫ్లరు లేదు. అవి రెండూ లేకపోతే ఆ కథకు అర్థమే లేదని నాకు తెలుసు.

మా ఇల్లు చర్చి వెనక రెండు గదుల పెంకుటిల్లు. కోట అనే ఊరికి తూర్పుగా, సముద్రానికి రెండు మూడు కేకల దూరంలో ఉండేది. తెల్లవారకముందే నాయన లేచి, మఫ్లరు మెడకు రెండు చుట్లు చుట్టుకుని ప్రార్థన గంట కొట్టేవారు. మా వైపు చలి అంటే క్రిస్మసుకు ముందూ వెనకా నాలుగు వారాలు. ఆయన మాత్రం ఉక్కపోతలో కూడా ఆ గంట దగ్గరికి మఫ్లరు లేకుండా వెళ్ళేవారు కాదు. మిషను ఆసుపత్రిలో పనిచేసి వెళ్ళిపోతూ ఒక దొరసాని ఇచ్చిందట. మా ఇంట్లోనే కాదు, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న ఒకే ఒక్క ఉన్ని వస్తువు అదేనేమో. అమ్మ శనివారం సాయంత్రమే మట్టి దాకలో చేపల పులుసు పెట్టి, మామిడికాయ ముక్కలు వేసి, ఉట్టి మీద పెట్టేసేది. ఆదివారం పొయ్యి వెలిగించేది కాదు. "పులుసుక్కూడా ఒక రాత్రి నిద్ర కావాల మే" అనేది. ఆదివారం ఆరాధన జరుగుతున్నంతసేపూ ఆ పులుసు వాసన గోడ దాటి వచ్చి, నాయన ప్రసంగంతో పోటీ పడేది. కంఠత వాక్యాల పోటీలో ఏటా మొదటి బహుమతి నాదే. సంఘంలో అందరూ నన్ను అయ్యగారమ్మాయి అనేవాళ్ళు. ఎక్కడికి వెళ్ళినా ముందు వరసలో చాప నాకు ఖాళీగా ఉండేది. అట్లా ఉండకపోవడం ఎట్లా ఉంటుందో నాకు పందొమ్మిదేళ్ళ వరకు తెలియదు.

అది నేర్పింది పెంచలయ్య కాంపౌండరు దొడ్డి. ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. సరుగుడు తోపు అంచున తాటాకుల పాక ఒకటి వేసుకుని, దిక్కులేని జంతువులను తెచ్చి పెట్టుకునేవాడు. బస్సు తొక్కిన కుక్కలు, పుండ్లు పడిన చాకలి గాడిదలు, రెక్క విరిగిన కొంగలు. దొడ్డిలోకి అడుగు పెడితే డెట్టాలు, వేపనూనె, పేడ, ఎండుచేపలు కలిసిన వాసన ముఖానికి కొట్టేది. ఆయన ముక్కుపొడి పట్టించి, తుమ్మి, అప్పుడు గాయం చూసేవాడు. కుక్కను కూడా "నాయనా" అనే పిలిచేవాడు, మనుషులను మాత్రం కసురుకునేవాడు. ఇంటరు పరీక్ష తప్పి నేను ఇంట్లో కూర్చుని ఉన్న రోజులు. "వాక్యం చెప్పేదానికి మనూళ్ళో శానా మంది ఉండారు. పేడ ఎత్తేవాళ్ళే కరువు. పోయి ఆయనకు సాయం చెయ్యి" అని నాయన పంపించారు. యవ్వనస్తుల కూటం నుంచి ఇంకో ఇద్దరు ఆడపిల్లలు నాతో వచ్చేవాళ్ళు. వాళ్ళకు నేనే పెద్ద. జంతువులకు కూడా నేనే పెద్ద అవుతాననుకున్నాను.

మస్తానమ్మ నాకన్నా ఏడాది చిన్నది. పక్క పాలెంలో చేపలు పట్టేవాళ్ళ పిల్ల. నడుము విరిగిన కుక్కను ఒకదాన్ని గంపలో పెట్టుకుని, చేపల గంప మోసినట్టు నెత్తిన మోసుకుని వచ్చింది. కుక్క నాలుగో రోజు చచ్చిపోయింది. పిల్ల మాత్రం రోజూ వస్తూనే ఉంది. చదువు లేదు. చర్చి లేదు. జడ సరిగా అల్లుకునేది కాదు. కానీ ఆమె గేటు తీసిన చప్పుడుకే మూడు కాళ్ళ కుక్క కూడా లేచి నిలబడేది. మూతికి బుట్ట కట్టనిదే ఎవరినీ దగ్గరకు రానివ్వని గాడిద ఆమె భుజం మీద గడ్డం ఆనించేది. నేను కుండెడు గంజి పోసి, పేరుపేరునా పిలిచి, ఒక్కోదాని కోసం ప్రార్థన చేసినా అవి నా చేతిలో కుండనే చూసేవి. ఆమె ఒట్టి చేతులతో వచ్చినా ఆమెనే చూసేవి.

దీనికి కారణం నా చేతుల సబ్బు వాసన అన్నాడు కాంపౌండరు. ఆ మాట పట్టుకుని ఒక వారం నేను ఎండుచేపల పొడి చేతులకు రుద్దుకుని వెళ్ళాను. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకోవడానికి చెయ్యి చాపితే, వెనక నిలబడ్డ దీనమ్మత్త "ఎవురమ్మా, కవ్వళ్ళ చేపలు తెచ్చుకున్నారా గుళ్ళోకి?" అని గట్టిగానే అంది. ఆ మధ్యాహ్నం అమ్మ నా చేతులు బూడిదతో తోమింది. కుక్కలు సోమవారం కూడా మస్తానమ్మ దగ్గరికే పోయాయి.

అట్లాంటి రోజుల్లో తాబేలు దొరికింది. చెప్పానుగదా, చూసింది నేనే. శనివారం కూటం అయిపోయి తోపు పక్క నుంచి వస్తుంటే, తెగిన వలముక్కలో చిక్కుకుని ఒడ్డున పడి ఉంది. పెద్ద చేటంత వెడల్పు వీపు, పచ్చబూడిద రంగు. కుడి ముందు రెక్కలోకి నైలాను తాడు ఎముక దాకా దిగింది. మేం ముగ్గురం గోతాం మీదికి ఎక్కించి, ఈడ్చి, మోసి, దొడ్డికి చేర్చాం. ఇప్పుడైతే ఫారెస్టు వాళ్ళకు చెప్పకుండా దాన్ని తాకకూడదు. అప్పుడు మాకు పెంచలయ్య కాంపౌండరే ఫారెస్టు, ఆయనే ఆసుపత్రి. ఆయన తాడు కోసి, గాయం కడిగి, పసుపూ వేపనూనే పట్టించి, కుడితి తొట్టి పక్కన కట్టించిన పెద్ద సిమెంటు తొట్టిలో సముద్రపు నీళ్ళు పోయించి అందులో దించాడు. అది మునగలేదు. కుడి పక్కకు ఒరిగి, పగిలిన పడవలాగా తేలుతూ ఉండిపోయింది.

"లోపల గాలి పట్టేసినాది. అడుక్కి మునిగి, మునిగిన కాడ నిలబడిందాకా దీనికి నయమైనట్టు కాదు. అప్పుటిదాకా తొట్టిలోనే" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వే గదా తెచ్చింది? ఆ పొద్దు వదిలేది గూడా నువ్వే" అన్నాడు. ఆ దొడ్డి కట్టుబాటు అది. తెచ్చిన చెయ్యే వదలాలి. కొంగను తెచ్చినవాళ్ళే దాన్ని గాలిలోకి ఎగరేయాలి, గాడిదను తెచ్చినవాళ్ళే పగ్గం విప్పాలి. వేరేవాళ్ళు చెయ్యి వేస్తే ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. కుక్కలు మస్తానమ్మవైతే అవనీ, గాడిద ఆమెదైతే అవనీ, ఈ తాబేలు నాది. సముద్రంలోకి అది పోతున్నప్పుడు పాలెమంతా ఒడ్డున నిలబడి చూస్తుంది. ముందు వరసలో చాప మళ్ళీ నాకు వేసినట్టే.

అది నా చేతి తిండి తినలేదు. నేను పీతను చితకగొట్టి నోటి దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేదాన్ని. అది ముఖం తిప్పుకునేది. అయిదో రోజు మస్తానమ్మ వచ్చి తొట్టి గట్టు మీద కూర్చుంది. నాతో ఊరి కబుర్లు చెబుతూ, దాని వంక చూడనే చూడకుండా, ఒక రొయ్యను నీళ్ళలో వదిలింది. కాసేపటికి గుటుక్కుమన్న చప్పుడైంది.

"నేను పెడితే ఎందుకు తినదు?" అన్నాను.

"దాని మొగమ్మీద పడి ప్రార్థన చేస్తే అది యాడ తింటాదక్కా? మనం అన్నం తినేటప్పుడు ఎవురన్నా నోట్లోకి చూస్తా కూసుంటే మనకు దిగతాదా?" అని నవ్వింది. ఎగతాళి కాదు, ఉన్న మాట చెప్పింది. ఎగతాళి చేసి ఉంటే నాకు తేలికగా ఉండేది, కోపం తెచ్చుకోవడానికి ఒక న్యాయం దొరికేది. ఆ రోజు నుంచి దానికి తిండి పెట్టడం ఆమె పని అయింది. సముద్రం నుంచి నీళ్ళు మోయడం నా పని. పూటకు ఇరవై బిందెలు. కాళ్ళ కింద ఇసుక, నెత్తి మీద ఉప్పునీళ్ళు, కడుపులో మంట. కుళ్ళుతో తమ్ముణ్ణి చంపిన కయీను గురించి, తమ్ముణ్ణి అమ్మేసిన యోసేపు అన్నల గురించి నాకు అధ్యాయాలు అధ్యాయాలు నోటికి వచ్చు. మత్సరం పాపమని పిల్లలకు నేనే బోధించేదాన్ని. అయినా ఆ కథల్లో ఉన్నది నేనేనని ఒక్క బిందె మోసేటప్పుడు కూడా అనిపించలేదు. వాళ్ళెవరో పాతకాలపు చెడ్డవాళ్ళనే అనుకున్నాను.

నెల దాటాక జువ్వలదిన్నెలో మేనమామ కూతురి పెళ్ళికని మస్తానమ్మ నాలుగు రోజులు వెళ్ళింది. ఇప్పుడక్కడ పెద్ద హార్బరు ఉంది గాని అప్పట్లో అది ఒడ్డున తెప్పలు లాగి పెట్టిన పల్లె. ఆమె లేని మొదటి రోజు తాబేలు తినలేదు. రెండో రోజూ తినలేదు. నేను దాని వంక చూడకుండా కూర్చున్నాను, ఊరి కబుర్లు కూడా చెప్పాను, పక్కన ఎవరూ లేకపోయినా. అది తినలేదు. కానీ రెండో రోజు మధ్యాహ్నం ఒక్కసారి తల కిందికి పెట్టి, తొట్టి అడుగు తాకి, మళ్ళీ పైకి తేలింది. తాకి వచ్చింది, అంతే. నిలబడలేదు. నేను మాత్రం మునిగిందనే అనుకున్నాను. దీనికి నయమైంది, ఆకలి కాదు, ఇది సముద్రం కోసం బెంగపెట్టుకుంది అనుకున్నాను. అనుకుంటూనే, మస్తానమ్మ వచ్చేలోపల వదిలేస్తే ఒడ్డున ఆమె ఉండదు కదా అని కూడా అనుకున్నాను. ఈ రెండో మాటను నా మనసు నాక్కూడా తెలియనివ్వకుండా దాచింది.

భక్తి గల ఇంట్లో పెరిగిన పిల్ల ఏం చేస్తుంది? దేవుణ్ణి గుర్తు అడుగుతుంది. పాత నిబంధనలో గిద్యోను అనే ఆయన యుద్ధానికి వెళ్ళాలా వద్దా అని తేల్చుకోలేక, కళ్ళంలో గొర్రెబొచ్చు పరిచి, మంచు పడే తీరును బట్టి దేవుని చిత్తం తెలుసుకుంటాడు. ఒక రాత్రి బొచ్చు తడిసి నేల పొడిగా ఉండాలని, మరో రాత్రి నేల తడిసి బొచ్చు పొడిగా ఉండాలని. మా సంఘంలో చదువుకూ, ఉద్యోగానికీ, పెళ్ళి సంబంధానికీ అట్లా గుర్తులు పెట్టుకున్నవాళ్ళు లేకపోలేదు. గొర్రెబొచ్చు నాకెక్కడ దొరుకుతుంది? ఉన్ని అంటే మా ఇంట్లో ఒక్కటే. పొద్దు గూకే వేళ నాయన మఫ్లరు ఓణీ కింద దాచుకుని తీసుకెళ్ళి, తొట్టి గట్టు మీద పరిచాను. "ప్రభువా, నేల తడిసి ఇది పొడిగా ఉంటే రేపు వదిలేస్తాను" అని మొక్కుకుని ఇంటికి వచ్చాను.

తెల్లారి చూస్తే మఫ్లరు పిండితే కారేట్టు తడిసి ఉంది. మాఘమాసపు మంచు మరి.

అది వద్దనే జవాబు. చంటిపిల్లకైనా తెలుస్తుంది. కానీ లేఖనం బాగా తెలిసినవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది, ఏ జవాబుకైనా ఇంకో వాక్యం దొరుకుతుంది. గిద్యోను రెండుసార్లు అడిగాడు కదా, నేనూ రెండోసారి అడగవచ్చు అనుకున్నాను. నాయన ప్రార్థన నుంచి వచ్చి వెతుక్కుంటున్నారు. "యాడ పెట్టినామో ఏందో" అని అమ్మ పెట్టెలన్నీ తీస్తోంది. నేను దొడ్డికి వెళ్ళిపోయాను. పగలంతా మఫ్లరును పాక వెనక ఆరబెట్టి, సాయంత్రం మళ్ళీ పరిచాను. ఈసారి గట్టు మీద కాదు. గట్టు మీదయితే కాకులు ఎత్తుకుపోతాయని, గాలికి తొట్టిలో పడుతుందని, నాకు నేనే నచ్చజెప్పుకుని, పాక చూరు కింద ఉన్న బల్ల మీద పరిచాను. తెల్లారేసరికి దొడ్డి అంతా మంచుతో తడిసి ఉంది. మఫ్లరు పొడిగా ఉంది. నేను మోకాళ్ళ మీద పడి స్తుతించాను. నిజంగానే స్తుతించాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ రోజు కాంపౌండరు మందులకని నాయుడుపేటకు వెళ్ళాడు. కూటం పిల్లలిద్దరికీ దేవుడిచ్చిన గుర్తు సంగతి చెప్పాను. వాళ్ళు నమ్మారు, నేను చెబితే నమ్మనివాళ్ళెవరు? తాబేలును గోతాంలో మోసుకెళ్ళి నీళ్ళంచున దించాం. పాట ఎత్తుకున్నాం. అల వచ్చి దాన్ని లేపింది, రెండో అల తీసుకుపోయింది. పాట రెండో చరణానికి వచ్చేసరికి మా గొంతులు తగ్గాయి. అది మునగడం లేదు. కుడి పక్కకు ఒరిగి, ఎడమ పక్క గాలిలో పెట్టి, ఒకే రెక్కతో కొట్టుకుంటూ గుండ్రంగా తిరుగుతోంది. కెరటాలు దాన్ని నెమ్మదిగా దక్షిణానికి తోసుకుపోయాయి. పైన రెండు కాకులు చేరాయి. "లోతుకు పోతే మునుగుతుందిలే" అన్నాను. నేను తిరిగి చూడకుండా వచ్చేశాను.

సాయంత్రానికి మస్తానమ్మ పెళ్ళి నుంచి వచ్చింది. తొట్టి చూసింది. కాలవ సముద్రంలో కలిసే చోట ఏదో తేలుతోందని పాలెంలో ఎవరో అనగా విని, మర్నాడు పొద్దున్నే తండ్రి తెప్ప మీద వెళ్ళి, పెళ్ళి గాజులు ఇంకా తియ్యని చేతులతో దాన్ని లాక్కొచ్చింది. ప్రాణం ఉంది. ఎడమ కన్ను లేదు. కాకులు పొడిచేశాయి.

"ఎవురు వదిలింది?" అన్నాడు కాంపౌండరు.

"నేనే. దేవుడు చెప్పినాడు."

ఆయన ముక్కుపొడి డబ్బా తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "దేవుడు చెప్పుంటే చెప్పుండచ్చు మా. నేను కాదన్ను. తాబేలు చెప్పిందా?" అన్నాడు. తర్వాత తొట్టి వైపు చూపించి, "నీళ్ళు మార్చాల" అన్నాడు. నేను బిందె తీసుకున్నాను.

ఆ మధ్యాహ్నమే మస్తానమ్మ మడత పెట్టిన మఫ్లరు తెచ్చి నా చేతికిచ్చింది. "మీ నాయనది గదక్కా? చూరు కింద బల్ల మీద ఉన్నింది. ఎందుకు పెట్టినావు ఆడ?" అంది. "చలిగా ఉంటే తెచ్చుకున్నా" అన్నాను. ఆమె నా వైపు ఒక్క క్షణం చూసి, తొట్టి దగ్గరకు వెళ్ళిపోయింది. నాయన ఆ మఫ్లరును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నన్ను చూసి, మడిచి తన రేకు పెట్టెలో పెట్టేశారు. అప్పట్నుంచి ఉత్త మెడతోనే గంట దగ్గరకు వెళ్ళేవారు. ఎందుకని నేనూ అడగలేదు. గుర్తు సంగతి కూటం పిల్లల ద్వారా ఆయన చెవిన పడిందేమో, గిద్యోను మీద ఆయన ప్రసంగం చెప్పగా ఆ తర్వాత నేను వినలేదు.

ఇంకో రెండు నెలలు నేను నీళ్ళు మోశాను. కంటి గాయం మానింది, గాలి దిగింది, ఒక ఉదయం తాబేలు తొట్టి అడుగున నిబ్బరంగా కూర్చుని పైకి చూసింది. కట్టుబాటు ప్రకారం తెచ్చిన చెయ్యే వదలాలి. రెండోసారి తెచ్చింది మస్తానమ్మ. కాంపౌండరు ఆ మాట పైకి అననే లేదు, అందరికీ తెలుసు. పాలెమంతా ఒడ్డుకు వచ్చింది. ముసలమ్మలు తాబేలు వీపుకు పసుపు రాసి దండం పెట్టుకున్నారు. అది చూసి నేను ముఖం తిప్పుకున్నాను, విగ్రహారాధన అని నాకు నేనే సాకు చెప్పుకుంటూ. మస్తానమ్మ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వెనక్కి తిరిగింది. "రూతక్కా, రా. నువ్వూ ఒక చెయ్యెయ్యి. మొదట తెచ్చింది నువ్వే గదా."

నేను వెళ్ళలేదు. ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఒడ్డునే నిలబడ్డాను. తప్పిపోయిన తమ్ముడు తిరిగొచ్చాడని ఇంట్లో విందు జరుగుతుంటే, వాకిట్లో నిలబడి లోపలికి రానన్న పెద్దకొడుకు కథ నాకు నోటికి వచ్చు. ఆ కథలో తండ్రి బయటికి వచ్చి బతిమాలతాడు. నన్ను బతిమాలింది ఒక చేపలమ్ముకునే పిల్ల. ఆమె ఇంకోసారి పిలిచింది. తర్వాత తిరిగి, తాబేలును వదిలేసింది. అది ఈసారి ఒక్క అలకే మునిగిపోయింది. నా కథలో పిల్లలకు ఏళ్ళ తరబడి నేను చెప్పిన ముగింపు అదే. దాన్ని వదిలింది నా చెయ్యేనని నేను ఎప్పుడూ అనలేదు. కాదని కూడా అనలేదు.

మస్తానమ్మ ఆ పని మానలేదు. కాంపౌండరు పోయాక పాలెం పక్కనే గుడ్లు కాపలా కాయడానికీ, దెబ్బ తగిలినవాటిని చూడడానికీ ఒక షెడ్డు వేశారు. అక్కడ ఆమెను పెట్టారు. తాబేళ్ళ మస్తానమ్మ అంటే ఇప్పుడు చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ఒకసారి పేపర్లో ఆమె ఫోటో వస్తే, ఆ కాగితాన్ని నేను కందిపప్పు డబ్బా అడుగున పరిచాను. ప్రార్థన చేసే చేతులతోనే పరిచాను. మఫ్లరు దొరికాక వారం రోజులు దాన్ని కుర్చీ మీద వేసి చూస్తూ కూర్చున్నాను. చివరికి సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

షెడ్డులో నీలిరంగు ప్లాస్టిక్ తొట్లు, సముద్రం నుంచి నీళ్ళు లాగే మోటారు, గోడ మీద ఫోను నంబర్లు. చేతులకు రబ్బరు తొడుగులు లేనిదే ఎవరినీ తాకనివ్వరు. డెట్టాలు వాసన తప్ప పాత వాసన ఏదీ లేదు. మా చేతుల్లో చచ్చిపోయేలాంటివెన్నో ఇక్కడ బతుకుతున్నాయి. అది చూసి సంతోషించాలి, సంతోషించాను కూడా, కానీ దానితో పాటే ఇంకోటి లేచింది. ఇదంతా ఆమెది. మస్తానమ్మ జుట్టు పూర్తిగా నెరిసింది, జడ ఇప్పటికీ సరిగా లేదు. రెక్క తెగిన తాబేలు ఒకటి గోనెల మీద పడుకుని ఉంది. దాన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళే వ్యాను కోసం చూస్తున్నారు.

"మస్తానా, నీకొక సంగతి చెప్పాల."

"చెప్పక్కా, నా చేతులు పనిలో ఉండాయి గానీ చెవులు ఖాళీనే."

చెప్పాను. గిద్యోను, ఉన్ని, మొదటి రాత్రి తడిసింది, రెండో రాత్రి చూరు కిందికి మార్చింది. చలికి తెచ్చుకున్నానని ఆమెతో చెప్పిన అబద్ధం. ఒడ్డున ఆమె పిలిస్తే రాకపోవడం. ఆదివారపు బడిలో ఆమె లేని కథ. ఆమె తిరిగి చూడకుండా విన్నది, అప్పుడు రొయ్య వదిలినట్టే.

"గిద్యోనెవురో నాకు తెలవదు గానీ, చూరు కింద మంచు పడదని మా పాలెంలో పాలు తాగే బిడ్డక్కూడా తెలుసక్కా. చలికయితే మెడకు చుట్టుకుంటారు గానీ బల్ల మీద పరుస్తారా?" అని నవ్వింది. "ఏందో తిక్క పని చేసుంటాదిలే అనుకున్నా ఆ పొద్దే."

"మరి కాంపౌండరుకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నిన్ను రానిచ్చేవోడా? నువ్వు రాకపోతే అన్ని నీళ్ళు ఎవురు మోస్తారు? నాకు నడుం నొప్పి." అంతే అంది. ఇన్నేళ్ళ నా పాపానికి ఆమె దగ్గర ఉన్న బరువు అంతే. క్షమించానని అనలేదు. క్షమించాల్సినంత పెద్దదిగా ఆమె దాన్ని ఎప్పుడూ మోయలేదు. దానికి కూడా నాకు ఆమె మీద ఈర్ష్య కలిగింది.

"యాడుంది అది? తెచ్చినావా?" అని చెయ్యి చాపింది. సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుండాదే, నీళ్ళు పడతాది" అంటూ పక్కనున్న తొట్టిలో ముంచేసింది. నాయనది అని నోటిదాకా వచ్చింది. ఉన్ని నీళ్ళు పీల్చుకుని నల్లబడింది. ఆమె దాన్ని పిండకుండానే ఎత్తి, తాబేలు వీపు మీద పరిచింది. దొరసాని ఇచ్చిన మఫ్లరు అంచుల నుంచి సముద్రపు నీళ్ళు గోనెల మీదికి కారాయి. తాబేలు ఒకసారి బరువుగా గాలి వదిలి, తల మస్తానమ్మ వైపుకే తిప్పింది. నా వైపు కాదు.

"వ్యాను వచ్చిందాకా వీపు ఆరకూడదక్కా. ఆరితే దానికి మంట. నువ్వు కాస్త చూస్తా ఉండు, నేను తక్కినవాటికి మేత పెట్టొస్తా" అని ఆమె లేచింది.

అక్కడ బిందె లేదు. ప్లాస్టిక్ మగ్గు ఒకటి ఉంది. నేను తొడుగులు వేసుకుని, గోనెల పక్కన నేల మీద కూర్చున్నాను. వ్యాను వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అంతసేపూ నేను మఫ్లరును ఆరనివ్వలేదు.